ముందురోజు

ఆక్లండ్, మాంగెరె
2023 ఫిబ్రవరి 6

ఆకెనేసె అత్తకు,

ఫోన్ చేస్తే నువ్వు "ఉన్నాను, బతికే ఉన్నాను, పెట్టేయ్" అని పెట్టేస్తున్నావట, నాన్న చెప్పాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇరవై ఆరేళ్లు ఆఫీసు కాగితాల మధ్య బతికిన దానివి, కాగితం చేతికొస్తే చదవకుండా ఉండలేవు కదా. ఆదివారం విమానంలో మీ పాస్టరు గారు ఆపియా వస్తున్నారు, ఆయన చేతికిస్తున్నాను.

యూనివర్సిటీలో ఏం చదువుతున్నావే అని పోయినసారి అడిగావు. నేను "లెక్కలు" అని తప్పించుకున్నాను. ఈసారి సరిగ్గా చెప్తాను. దీని పేరు ఎకనామెట్రిక్స్. డబ్బు వ్యవహారాల్లో ఏది దేనివల్ల జరిగిందో అంకెల్లోంచి తవ్వి తీసే విద్య. మీ చర్చికి ప్రతి ఆదివారం రెండు వందల మంది వస్తారనుకో. వానొస్తే నూట ఎనభై. ఒక ఆదివారం ఏ పండగా లేకుండా మూడు వందల మంది వచ్చారు. ఎందుకొచ్చారు? ముందు మామూలుగా ఎంతమంది రావాలో ఒక గీత గీస్తాం. ఆ గీతకి పైన మిగిలిన వంద మందిని పట్టుకుంటాం. ఏ కబురు ఏ రోజు వచ్చింది, జనం ఏ రోజు కదిలారు అని రోజుల్ని పక్కపక్కన పెట్టి చూస్తాం. ఆ వంద నిజంగా కారణం ఉండి వచ్చిన వందేనా, ఊరికే గాలివాటంగా వచ్చిందా అని తేల్చుకోవడానికే మిగతా చదువంతా. రెండేళ్లుగా నా జుట్టు రాలుతున్నది అక్కడే.

అసలు సంగతి ఇది. నా పరిశోధనకి ఆమూ పొదుపు నిధి లెక్కలు దొరికాయి. నీ ఆమూయే. ఆపియా ఆఫీసులో ఏ రోజు ఎంతమంది తమ వాటాల డబ్బు వెనక్కి అడిగారో, పద్దెనిమిదేళ్ల వివరాలు ఇక్కడి హెడ్డాఫీసు వాళ్లు ఇచ్చారు. మా అత్త అక్కడే పనిచేసింది అని ప్రొఫెసర్ పెంబర్టన్ గారికి గొప్పగా చెప్పుకున్నాను. ఆయన వెంటనే, అయితే ఆక్లండ్‌లో చేసే లాభాల ప్రకటన ఆపియా జనానికి ఎలా చేరేదో అడిగి రాయమన్నారు. అంకెలు ఎక్కడ పుట్టాయో తెలియకుండా వాటిని నమ్మకూడదట.

అడిగానని విసుక్కోకుండా రాయి.

నీ మేనకోడలు
మసీనా

---

ఆపియా, వైమోసో
మార్చి 2

మసీనాకు,

నీ ఉత్తరం పాస్టరు గారి సంచిలో రెండు వారాలు పడుకుని లేచింది. దేవుడి మాటలైతే ఆలస్యం చెయ్యరు, మనుషుల మాటలకే ఆయనకి తీరిక ఉండదు.

నీ చదువు నాకు బాగానే అర్థమైంది. చర్చికి ఎవరెందుకొచ్చారో మాకు అంకెలు లేకుండానే తెలుసు. మూడు వందల మంది వచ్చారంటే ఆ రోజు ఎవరింట్లోనో పంది కోశారన్నమాట. దీనికి నాలుగేళ్లు చదవాలా?

సరే, అడిగావు కాబట్టి చెప్తాను. మూడు నెలలకొకసారి, బుధవారం నాడు, ఆక్లండ్‌లో పెద్దలు కూర్చుని ఒక్కో వాటాకి లాభం ఎంతో తేల్చేవారు. తేల్చగానే మాకు ఫ్యాక్స్ వచ్చేది. దాన్ని ముట్టుకునే చేతులు రెండు జతలే, ఒకటి నాది, ఒకటి లాంగిది. మా ఇద్దరి బల్లలు ఎదురెదురు. ఫ్యాక్స్ కాగితం మీద రబ్బరు ముద్ర వేసి, తేదీ వేసి, కౌంటరు పక్కన బోర్డుకి గుచ్చేవాళ్లం. లాభం బాగుంటే ఎవరూ తలెత్తి చూసేవారు కాదు. తగ్గితే మాత్రం గంటలో వీధి చివరిదాకా వరస. రోజుకి ఇంతే చెల్లించాలని ఒక పరిమితి ఉండేది. వరసలో ముందున్నవాళ్లకి ఆ రోజే డబ్బు, వెనకబడ్డవాళ్లకి నెల తర్వాత. అందుకని చెడ్డ కబురు వస్తే కాళ్లున్నవాళ్లదే రాజ్యం.

లాంగి ఎలా ఉందని అడుగుతావేమో, ముందే చెప్తున్నా, నాకు తెలియదు. ఒకే చర్చి, ఒకే పాటల బృందం. ఆమె ఆ చివర నిలబడుతుంది, నేను ఈ చివర నిలబడతాను. మధ్యలో పద్దెనిమిది మంది ఉన్నారు, చాలు.

మోకాళ్లు నొప్పులు. అందుకే కదా ఉద్యోగం మానేశాను. మీ నాన్నకి చెప్పు, ఈసారి పంపే పెట్టెలో డబ్బా మాంసం తగ్గించి నొప్పుల మందు పెంచమని.

మీ అత్త
ఆకెనేసె

---

ఆక్లండ్
ఏప్రిల్ 11

అత్తకు,

నువ్వు రాసింది చాలా ఉపయోగపడింది. పెంబర్టన్ గారికి కూడా చదివి వినిపించాను. పంది మాటకి ఆయన చాలాసేపు నవ్వారు.

పని బాగా నడుస్తోంది. జులైలో ఇక్కడ పెద్ద సభ ఉంది. ఆస్ట్రేలియా నుంచి కూడా వస్తారు, నా అధ్యాయం అక్కడ చదవాలి. మంచి ఫలితం వచ్చిందని అందరూ అంటున్నారు.

ఇంకొన్ని చిన్న ప్రశ్నలు. నువ్వు ఉద్యోగం మానేసింది సరిగ్గా ఏ నెలలో? లాంగి అత్త నీ తర్వాత ఎన్నాళ్లుంది? ఫ్యాక్స్ రాకముందే ఎవరైనా కౌంటరు దగ్గరకొచ్చి లాభం గురించి ఆరా తీసేవారా? నువ్వో, ఇంకెవరైనా గానీ, చుట్టాలతో మాటల్లో ఎప్పుడైనా అనేసి ఉండొచ్చా?

తొందరేం లేదు. మోకాళ్ల మందు పెట్టెలో పెట్టాం.

మసీనా

---

ఆపియా, వైమోసో
మే 3

మసీనాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటి ఉత్తరంలో పెళ్లివారిలా వాగావు. ఇందులో ఒక్క నవ్వు మాట ఉంది, అది కూడా నాది.

నీ ప్రశ్నలు నాకు కొత్తవి కావు. ఇవే ప్రశ్నలు, ఇదే వరసలో, ఒకప్పుడు ఒక ఆడిటరు కూడా నన్ను అడిగాడు.

కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా మోకాళ్లు అప్పుడు రాళ్లలా గట్టిగా ఉండేవి, నొప్పులన్నది అబద్ధం. 2011 నవంబరులో హెడ్డాఫీసు నుంచి ఆ ఆడిటరు వచ్చాడు. చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, చెమటలు కక్కుతూ, మా గదిలో నాలుగు రోజులు కూర్చున్నాడు. నన్ను ఒక్కదాన్నే పిలిచి, కబురు ముందే బయటికి పోతోంది, నీ చుట్టాలెంతమందికి వాటాలున్నాయి అని అడిగాడు. ఆపియాలో నాకు చుట్టం కానివాడెవడు? ఆ మాటే అన్నాను. రాసుకున్నాడు. ఏ ఆధారం చూసి అంటున్నావని అడిగితే చూపించలేదు. డిసెంబరులో మేనేజరు నా ముందు ఒక కాగితం పెట్టి, "అమ్మా, గొడవెందుకు, ఆరోగ్యం బాగాలేదని రాసి సంతకం పెట్టెయ్యండి" అన్నాడు. పెట్టేశాను. ఇరవై ఆరేళ్ల ఉద్యోగం, ఒక్క సంతకం.

ఆ కబుర్లు నేను ముందు ఎవరికీ చెప్పలేదు. మీ తాత మంచం మీద ఉండి, ఆయన వాటాల సంగతి అడిగినా చెప్పలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుందని తెలిసినదాన్ని. ముట్టుకునే చేతులు రెండు జతలని రాశాను కదా. నావి కాకపోతే ఇంకెవరివి? లాంగి ఇంకో ఆరేళ్లు అదే కుర్చీలో కూర్చుని గౌరవంగా దిగిపోయింది. అందుకే ఆమె ఆ చివర, నేను ఈ చివర.

నువ్వు గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకుంటున్నానని అనుకుంటావేమో. అనుకో. కానీ నీ దగ్గర ఏదో తేలింది, అది నాకు చెప్పడం లేదు. ఆడిటరు చూపించనిది నా మేనకోడలైనా చూపించాలి. నీ కాగితాలు పంపు.

ఆకెనేసె

---

ఆక్లండ్
మే 29

అత్తా,

నాన్నకి చెప్పలేదు. ఈ ఉత్తరం ఎన్నిసార్లు చింపి రాశానో లెక్కలేదు.

ఉన్నదున్నట్టు చెప్తాను. 2005 నుంచి 2011 దాకా ఇరవై ఎనిమిది ప్రకటనలు వచ్చాయి. వాటిలో లాభం తగ్గిన చెడ్డ కబుర్లు పదకొండు. జనం ప్రకటన రోజున కదలాలి కదా. కానీ పదకొండింటిలో తొమ్మిదిసార్లు మామూలు గీతకి మూడింతలు దరఖాస్తులు వచ్చింది ప్రకటనకి ముందురోజు. బుధవారం ప్రకటన అయితే మంగళవారం వరస. గాలివాటం కాదు, ఎన్ని రకాలుగా పరీక్షించినా నిలబడింది. అంటే కబురు ఎవరో ముందే చెప్తున్నారు.

ఇంకొకటి. 2012 నుంచి ఇది ఒక్కసారి కూడా జరగలేదు. అప్పటినుంచి జనం సరిగ్గా ప్రకటన రోజునే వస్తున్నారు. ఒక వరస మధ్యలో ఎక్కడ తెగి కొత్త వరస మొదలైందో చూపించే పరీక్ష ఒకటుంది. తేదీ మనం చెప్పనక్కర్లేదు, అంకెలే చెప్తాయి. ఆ పరీక్ష వేలు పెట్టి చూపించింది 2011 డిసెంబరు ఆఖరు. నువ్వు మానేసిన నెల నాకు అప్పటికి సరిగ్గా తెలియదు. ఆ నెల కాకపోతే బాగుండునని నిన్ను అడిగాను.

సభలో నీ పేరు చెప్పను, ఆఫీసు పేరు కూడా చెప్పను. కానీ ఆపియాలో పొదుపు నిధులు ఎన్ని ఉన్నాయి, ఫ్యాక్స్ దగ్గర ఎంతమంది ఉన్నారు? వారంలో అందరికీ తెలిసిపోతుంది. నువ్వు వద్దంటే అధ్యాయం మానేస్తాను. ఏడాది పోతుంది, స్కాలర్‌షిప్ కూడా పోవచ్చు, పోనీ.

నేను నిన్ను నమ్ముతున్నాను. అది లాంగి అత్తే అయి ఉంటుంది. కానీ ఆమె ఆరేళ్లు అక్కడే ఉంటే 2012లో ఎందుకు ఆగిపోయింది? నమ్ముతున్నాను అని రాస్తూనే ఇది కూడా రాస్తున్నందుకు నా మీద నాకే అసహ్యంగా ఉంది.

పట్టిక జతచేస్తున్నాను. పదకొండు ప్రకటనలూ, వాటి ముందూ వెనకా రోజులూ ఉన్నాయి. ఒక్క అంకె మాత్రం నాకు కొరుకుడు పడలేదు. 2009 సెప్టెంబరు 30 బుధవారం చెడ్డ కబురు. ఆ రోజే సునామీ, ఆఫీసు తెరవలేదు, అది సరే. కానీ ముందురోజు, 29 మంగళవారం, మామూలు పనిదినం. ఆ రోజు దరఖాస్తులు సున్నా. కబురు తెలిసినవాళ్లు రాకపోతే పోనీ, మామూలుగా వచ్చే పది మందైనా ఎందుకు రాలేదు?

మసీనా

---

ఆపియా, వైమోసో
జూన్ 14

మసీనా,

నీ ఉత్తరం అందిన రోజు నిన్ను నాలుగు మాటలనాలని కాగితం తీశాను. అనలేదు. పట్టిక పట్టుకుని చర్చి హాలుకి వెళ్లి, పెద్ద బల్ల మీద పరుచుకుని, వేలు పెట్టుకుంటూ ఒక్కో గడీ చదివాను.

2009 సెప్టెంబరు 29 మంగళవారం సునామీకి ముందురోజని నీకెవరు చెప్పారు? అది ముందురోజు కాదు. అదే రోజు.

ఇంకా ఏడు కాలేదు, ఇల్లు ఊగింది. ఆఫీసు తాళం ఎవరు తీస్తారు? ఆ మధ్యాహ్నం నేనూ లాంగీ ఒక పికప్ వెనక నీళ్ల డబ్బాల మధ్య కూర్చుని తూర్పు తీరంలోని అలేయిపాతా వెళ్లాం. ఆమె పెద్దక్క ఇల్లు అక్కడ. ఇల్లు లేదు, పునాది ఉంది. అక్క కొండెక్కి బతికింది. ఆ తేదీ నేను మర్చిపోతానా? 29, మంగళవారం. ఇక్కడి సమాధుల మీద చూసుకో.

నీకు 30 అని ఎందుకు గుర్తో కూడా చెప్తాను. అప్పుడు నీకు పన్నెండేళ్లు. మీ నాన్న బుధవారం పొద్దున రేడియోలో విని నాకు ఫోన్ చేశాడు. అక్కడ బుధవారం, ఇక్కడ మంగళవారం, ఒకటే పొద్దు. అప్పట్లో మేం తేదీ రేఖకి, సముద్రం మధ్య రోజు మారే గీతకి, ఆ పక్కన ఉండేవాళ్లం. మీకన్నా ఒక రోజు వెనక. నేను ఆదివారం చర్చి నుంచి వచ్చి ఫోన్ చేస్తే మీ నాన్న సోమవారం డ్యూటీలో ఉండి విసుక్కునేవాడు.

ఇప్పుడు చెప్పు, నీ బుధవారం ప్రకటనలు ఎవరి బుధవారం? ఆక్లండ్‌ది. మా దరఖాస్తుల మంగళవారం ఎవరి మంగళవారం? మాది. ఫ్యాక్స్ వచ్చేసరికి మా గోడ మీద క్యాలెండరు మంగళవారమే. కాగితం పైన అచ్చులో వాళ్ల తేదీ ఉండేది, కింద నేను వేసే ముద్రలో మా తేదీ. ప్రతి కాగితం మీదా రెండు తేదీలు, రోజూ చూసినదాన్నే. మాకది వింతే కాదు, అందుకే ఎవరికీ చెప్పాలనిపించలేదు. జనం వచ్చింది బోర్డు చూసిన తర్వాతే, మసీనా. ముందు కాదు.

2011 డిసెంబరు ఆఖరున తెగిందన్నావు. తెగదూ మరి? గురువారం 29న పడుకుని శనివారం 31న లేచాం. దేశం మొత్తం ఒక శుక్రవారాన్ని వదిలేసి మీ పక్కకి దూకింది. అప్పటినుంచి మీ బుధవారం మాకూ బుధవారం. నేను మానేసినందుకు ఆగలేదు నీ వరస. క్యాలెండరు మారింది.

ఆ ఆడిటరు కూడా ఇదే చూసి ఉంటాడు. ముద్రలో తేదీ చూసి, ప్రకటన తేదీ చూసి, నన్ను చూశాడు.

ఇక్కడ ఆపి బయట కాసేపు కూర్చుని వచ్చాను. ఏడ్చాను, చెప్పడానికి సిగ్గెందుకు. మొదట సంతోషంతో ఏడ్చాను. తర్వాత ఇంకొకటి తట్టింది.

కబురు ముందే బయటికి పోతోందని ఆడిటరు అంటే, పోవడం లేదని నేను అనలేదు. నేను చెప్పలేదని మాత్రమే అన్నాను. నిప్పు లేనిదే పొగ రాదనుకున్నాను. నేను కాకపోతే లాంగి అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. నీకు రాయనిది ఇది. 2012లో మహిళా సంఘానికి కోశాధికారిగా లాంగి పేరు వచ్చింది. నేను పాస్టరు గారి భార్య చెవిలో ఒక్క మాట వేశాను, ఆమె చేతికి తాళాలివ్వకండి అని. ఎందుకని ఎవరూ అడగలేదు. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో లాంగికి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

నన్ను అన్యాయంగా అన్నారని పదకొండేళ్లు కుమిలాను. అదే అన్యాయం ఆమెకి నేను చేశాను.

నువ్వు లెక్క సరిచూసి రాయి. ఈసారి తప్పుంటే నేను తట్టుకోలేను.

ఆకెనేసె

---

ఆక్లండ్
జూన్ 30

అత్తా,

తప్పు లేదు. నువ్వు రాసిందంతా నిజం.

2012కి ముందున్న ఆపియా తేదీలన్నీ ఒక రోజు ముందుకి జరిపి మొదటినుంచి మళ్లీ చేశాను. తొమ్మిదికి తొమ్మిది వరసలూ ప్రకటన రోజు మీదికే వచ్చి కూర్చున్నాయి. ముందురోజున ఏమీ లేదు, మామూలు గీతే. డిసెంబరు 2011 దగ్గర తెగిన చోటు కూడా పోయింది. కబురు ఎవరూ ముందు చెప్పలేదు. నువ్వు చెప్పలేదు, లాంగి అత్తా చెప్పలేదు. నా దగ్గరున్న ఫైలులో ఆ వరసకి "తేదీ" అని మాత్రమే పేరుంది. ఎవరి తేదీ అని నేను అడగలేదు. రెండేళ్లుగా వెయ్యి రకాల పరీక్షలు నేర్చుకుని ఆ ఒక్క మాట అడగలేదు. వేరే ఎవరైనా చేస్తే తెలియక చేశారనుకోవచ్చు. చిన్నప్పుడు నీ పుట్టినరోజుకి నేను ఒక రోజు ముందే ఫోన్ చేసి తిట్లు తిన్నదాన్ని.

పెంబర్టన్ గారికి చూపించాను. రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాత, "ఇది ఎవరు పట్టుకున్నారు?" అన్నారు. మా అత్త, ముద్ర వేసిన ఆమె, అన్నాను. "ఆమెని ముందే అడిగి ఉండాల్సింది" అన్నారు. అంతే, కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

అధ్యాయం పోయింది. దొంగ ఉంటేనే అది అధ్యాయం. సభలో మాత్రం మాట్లాడతాను. ఒప్పుగా కనిపించే తప్పు ఎలా పుడుతుందో, నా తప్పే చూపించి చెప్తాను. ఆరు నెలలు వెనకబడతాను, స్కాలర్‌షిప్ ఇంకో ఏడాది ఇవ్వమని అడుగుతాను. ఇవ్వకపోతే నాన్నతో పాటు విమానాశ్రయంలో పెట్టెలు మోస్తాను.

హెడ్డాఫీసుకి రెండు పట్టికలూ పెట్టి రాశాను. ఆడిటరు గారు రిటైరయ్యారట. నీకు వాళ్లు ఉత్తరం పంపుతున్నారు, నకలు నాకూ వచ్చింది. రెండు పేజీల్లో మూడు చోట్ల "చింతిస్తున్నాం" అని ఉంది. ఉద్యోగం గురించి నువ్వు రాసిన కాగితం రద్దు చేసి, రిటైరయ్యేదాకా నీకు మిగిలిన ఏడేళ్ల పింఛను తేడా ఇస్తారట. నాన్నకి అంతా చెప్పాను. ఆయన నీకు పంపే పెట్టె తాడు విప్పి మళ్లీ కట్టాడు. తర్వాత, "మోకాళ్ల మందు పంపుతూనే ఉన్నాను కదే" అన్నాడు.

రెండు నెలలు నేను నిన్ను అనుమానించాను. ఏప్రిల్ ఉత్తరం రాసేటప్పుడు నాకు నువ్వు మా అత్తవి కావు, ఒక అంకెవి. నన్ను క్షమించు అని అడగడానికి కూడా మొహం లేదు, అయినా అడుగుతున్నాను.

ఏదీ జరగకపోతే ఎలా ఉండేదో గీత గీయడమే నా విద్య అని నీకు చెప్పాను కదా. నీకూ లాంగి అత్తకీ ఆ గీత గీద్దామని కూర్చున్నాను. నాకు చేతకాలేదు.

మసీనా

---

ఆపియా, వైమోసో
జులై 24

మసీనాకు,

హెడ్డాఫీసు ఉత్తరం వచ్చింది. బాగానే ఉంది, మంచి మందపాటి కాగితం. మీ నాన్నకి చెప్పు, మందు ఆపొద్దు. ఇప్పుడు నిజంగానే నొప్పులొచ్చాయి. ఎలా వచ్చాయో చెప్తాను.

ముందు నీ సంగతి. నువ్వు తప్పు చేశావు, తప్పని తెలిశాక దాచుకోలేదు. సభలో నిలబడి చెప్పావట, మీ నాన్న ఫోన్లో ఏడుస్తూ గర్వపడుతూ చెప్పాడు. ఫోన్ పెట్టెయ్యకుండా మొత్తం విన్నాను. నీ మీద నాకేం లేదు. ఉంటే ఈ ఉత్తరం ఇంత పొడుగు రాస్తానా?

లాంగికి ఏం చెప్పాలో నాకు తెలియలేదు. ఉత్తరం చేతిలో పెట్టి "చూడవే, మనిద్దరం మంచివాళ్లం" అనడానికి నేను మంచిదాన్ని కాదు. తాళాల సంగతి ఉంది. పాస్టరు గారి భార్య దగ్గరికి వెళ్లి, 2012లో తాళాల గురించి నేనన్నది అబద్ధమని ముందు చెప్పాను. ఆవిడ, అయిపోయిన దానికి ఇప్పుడెందుకమ్మా, వచ్చే ఆదివారం ఆమె పక్కన నిలబడి పాడు, సరిపోతుంది అంది. సరిపోదు అన్నాను.

మీ నాన్నమ్మ ఆకు పోగులతో బట్టంత మెత్తగా అల్లిన సన్నచాప ఒకటి నా పెట్టెలో ఉంది, నా చావుకి దాచుకున్నది. శనివారం తెల్లవారుజామున అది తీసుకుని లాంగి ఇంటికి వెళ్లాను. ఇఫోంగా చేశాను. నువ్వు అక్కడ పుట్టిన పిల్లవి, చూసి ఉండవు. పెద్ద తప్పు చేసినవాళ్లు తలమీద సన్నచాప కప్పుకుని, ఎవరికి చేశారో వాళ్ల వాకిట్లో తలవంచుకుని కూర్చుంటారు. లోపలివాళ్లు వచ్చి చాప తీస్తే క్షమించినట్టు. తియ్యకపోతే కూర్చోవడమే. మనిషిని చంపినవాళ్ల కోసం వాళ్ల కుటుంబ పెద్దలు చేసే పని ఇది. ఒక ముసలిది, ఒక్క మాట చెవిలో వేసినందుకు, ఒక్కతే చెయ్యడం ఈ ఊళ్లో ఎవరూ వినలేదు. రొట్టె కోసం పోతున్న పక్కింటాయన ఆగి, "ఆకెనేసె, ఎవర్ని చంపావే?" అన్నాడు. చాప కిందనుంచి పొమ్మన్నాను.

పొద్దెక్కింది. చాప కింద చెమట, వాకిట్లో గులకరాళ్లు. మోకాళ్లు అప్పుడే పోయాయి. తలుపు తెరిచిన చప్పుడైంది. అడుగులు వచ్చి నా ముందు ఆగాయి. నేను తలెత్తలేదు. తాళాల సంగతి, ఆడిటరు సంగతి, నీ పట్టిక సంగతి, రెండు తేదీల సంగతి, ఉన్నదంతా నేలని చూస్తూ చెప్పేశాను. చెప్పడం అయిపోయింది. చాప తియ్యలేదు. పోనీలే, తియ్యకపోవడం ఆమె హక్కు అనుకున్నాను.

అప్పుడు చాప అంచు లేచింది. వెలుగొస్తుందని కళ్లు మూసుకున్నాను. వెలుగు రాలేదు.

"కాస్త జరుగు" అంది లాంగి.

ఆ అంచు ఎత్తి, లోపలికి దూరి, నా పక్కన కూర్చుని చాప తన తలమీద కూడా లాక్కుంది. పదకొండేళ్ల తర్వాత ఆ మొహం అంత దగ్గరగా చూశాను. పళ్లు మూడు లేవు.

"ఆడిటరు నన్నూ పిలిచాడే" అంది. "కబురు పోతోందంటే నమ్మాను. నేను చెప్పలేదు కదా, ఇంకెవరని నీ పేరు చెప్పాను. వాడు రాసుకున్నాడు."

నా ఉద్యోగం ఎలా పోయిందో నాకు అప్పుడు తెలిసింది, మసీనా. కోపం వస్తుందేమోనని చూశాను. రాలేదు. దాని చెయ్యి పట్టుకున్నాను.

లోపలినుంచి దాని కోడలు కోకో కప్పులు పట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడిపోయింది. చాప తియ్యాల్సిన మనిషే చాప కింద ఉంటే ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది?

"మరి ఇప్పుడు ఇది ఎవరు తీస్తారే?" అన్నాను.

"ఎవరూ తియ్యక్కర్లేదు" అంది లాంగి. "మీ అమ్మ చాప వెడల్పుగానే అల్లింది. కూర్చో."

మీ అత్త
ఆకెనేసె